వార్డు వెనక పొయ్యిల దగ్గర

మార్కాపురం ఆసుపత్రి పెద్దనర్సమ్మ పోయిన సంగతి నాకు గిద్దలూరు స్టేషనులో తెలిసింది. మార్కాపురం వైపు నుంచి వచ్చిన పాసింజరు దిగి, ఒక మంత్రసాని తలమీది మూట కూడా దించకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. నాతోబాటే ఆమె దగ్గర పని నేర్చుకున్న మనిషి. "అబ్బయ్యా, మన పెద్దనర్సమ్మ పోయిందిరా. మూడు దినాల జొరం. అంతే. నిన్న మధ్యాన్నం మట్టి చేసినారు" అని చెప్పి, అప్పుడు మూట దించి, దానిమీదే కూర్చుని ఏడ్చింది. నా చేతిలో టీకాల పెట్టె ఉంది. ఆ పూట రెండు పల్లెల్లో టీకాలు వేయాలి. వేశాను. ఎవరి చేతికి వేశానో, ఎవరు ఏడ్చారో గుర్తు లేదు.

మర్నాడు మార్కాపురం పోయాను. ఆసుపత్రి వెనక ఆమె గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మంచంమీద పరుపు చుట్టిపెట్టి ఉంది. ఆయా నేల కడుగుతూ, తల ఎత్తకుండానే, "ఇంత ఆలీసంగా వస్తే ఎట్లయ్యా" అన్నది.

తిరిగి గిద్దలూరు వచ్చాక, స్టేషను ముందర కాఫీ హోటలులో కూర్చున్నాను. హోటలాయనకు నేను తెలుసు, ఆమె గురించీ తెలుసు. పది మంది వినేటట్టు అడిగాడు: "ఏమప్పా, లోకానికంతా ఏం తినాల్నో చెప్పిందే ఆమె, యాభై దాటీ దాటకనే పోయిందంట గదా. మరి ఆమె ఏం తినె?"

నవ్వారు. నేను గ్లాసు బల్లమీద కొట్టాను. పగిలింది, చెయ్యి తెగింది. తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చాను. నా కోపం సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. కానీ దారంతా ఆలోచిస్తే, ఆయన అడిగింది చాలామంది మనసులో ఉండే మాటేననిపించింది. గ్లాసు పగలగొట్టడం దానికి జవాబు కాదు. అందుకే ఇది రాస్తున్నాను. జవాబు అవునో కాదో చదివిన మీరే చెప్పాలి.

ఆమె కంభం పక్క పల్లెలో సేద్యగాళ్ల ఇంటి ఆడబిడ్డ. మద్రాసులో నర్సు చదువు చదివి, అక్కడే పెద్ద ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసి, తల్లికి కాలూ చెయ్యీ పడిపోతే మార్కాపురానికి బదిలీ చేయించుకుని వచ్చింది. తల్లి పోయినా ఇక్కడే ఉండిపోయింది. పొట్టి మనిషి. తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని వార్డులో తిరుగుతుంటే చప్పుడు ఉండేది కాదు, నోరు తెరిస్తే మాత్రం వీధి దాకా వినబడేది. మద్రాసులో చక్కెర జబ్బును డబ్బున్న వాళ్ల జబ్బు అనేవారట. ఇక్కడికి వచ్చి చూస్తే గొర్రెలు కాసేవాడికీ ఉంది, పలకల గనిలో రాయి కొట్టేవాడికీ ఉంది. అయితే వాళ్లకు దాని పేరు తెలియదు. పుండు మానలేదనో, చూపు తగ్గిందనో వచ్చేవారు. అప్పటికే ఆలస్యమయ్యేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మన జిల్లా ఊరు కర్నూలే రాజధాని. ఇక అంతా మారిపోతుందని మాకు ఒళ్లు తెలియని ఉత్సాహం. ఆ రోజుల్లో మార్కాపురం ఆసుపత్రిలో ఆరుగురికి ఆరు నెలలు పని నేర్పడానికి డాక్టరు గారు ఒప్పుకున్నారు. ఇద్దరు కాంపౌండర్లు, ఇద్దరు మంత్రసానులు, నాతో కలిపి టీకాలు వేసేవాళ్లు ఇద్దరు. కట్లు కట్టడం, ఇంజెక్షన్ వేయడం, మూత్రం పరీక్ష చేయడం డాక్టరు గారు నేర్పేవారు. రోజుకు ఒక్క గంట మాత్రం పెద్దనర్సమ్మకు ఇచ్చారు. ఆమె చాలాకాలంగా అడుగుతున్న గంట అది. దానికి ఆమె పెట్టిన పేరు తిండి పాఠం.

నేను ఒక రేకుపెట్టె నిండా కరపత్రాలు, చిన్న పుస్తకాలు పట్టుకుని దిగాను. ఉపవాసంతో సకల రోగాలూ పోతాయనేది ఒకటి. మట్టిపట్టీ ఒక్కటి చాలు, మందు అక్కర్లేదనేది ఒకటి. కాఫీ తాగేవాడు దేశద్రోహి అనేది ఇంకొకటి. నాకు ఇరవై రెండేళ్లు. వాటిలో ప్రతి అక్షరం నిజమని నమ్మినవాణ్ణి.

"ఏందిరా నాయనా అవి?" అన్నది మొదటి రోజు.

"ప్రకృతి వైద్యం పుస్తకాలు. మందులన్నీ విషమని ఇందులో రుజువు చేసినారు."

"అట్లనా! రాసినాయనకు ఇంట్లో పెండ్లాం ఏం వండిపెట్టిందో అది గూడ రాసినాడా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి నన్ను కరపత్రమా అనే పిలిచింది.

పాఠం చెప్పే చోటు బడిలాగా ఉండేది కాదు. ఆసుపత్రిలో రోగులకు వంట ఉండదు. ఎవరి మనుషులు వాళ్లే వార్డు వెనక మూడేసి రాళ్లు పెట్టుకుని వండుకుంటారు. పొద్దున పదకొండుకు ఆ పొయ్యిలన్నీ మండుతుంటాయి. ఆ పొగలోకి మమ్మల్ని తీసుకుపోయేది. మార్కాపురంలో పలకలకు కొదవ లేదు. అంచు విరిగి, చట్రం పట్టక కార్ఖానా వాళ్లు పారేసినవి తెచ్చి తలా ఒకటి ఇచ్చింది. రోగి దగ్గరికి పోయిన వెంటనే నాడి పట్టకూడదు. నాలుక చూడకూడదు. నిన్న లేచినప్పటి నుంచి పండుకునే దాకా నోట్లోకి ఏమేం పోయిందో అడిగి పలకమీద రాయాలి. "ఏం తిన్నావంటే అన్నం అంటారు. అన్నమంటే ఏ అన్నం? ఎంత? గిద్దెడా, సోలెడా? దాంట్లోకి ఏంది? తిన్నాక నడిచినారా, పండుకున్నారా? ఇంత తెలిసినాక నాడి పట్టు. అప్పుడు అది నీతో మాట్లాడతాది" అనేది.

ఇంకొక కట్టుబాటు ఉండేది. దానికి అందరూ వణికేవాళ్లం. ఎవరికి ఏ తిండి రాసిస్తే, అది రాసినవాడు ముందు ఏడు దినాలు తినాలి. మాలో ఒక కాంపౌండరు, కాళ్లు వాచి రక్తపోటు ఎక్కువున్న ముసలమ్మకు ఉప్పు లేని కూడు రాసిచ్చాడు. మూడో రోజుకు ఏడుపు ముఖంతో వచ్చాడు.

"అమ్మా, ఇది మనిషి తినే కూడు కాదు."

"అట్లయితే ఏం కలిపితే తినొచ్చో కనుక్కోని రా. ఆమె ఎనభై ఏండ్ల మనిషి. నీకంటే నాలుక పాతది."

వాడు చింతచిగురు వేసి చూశాడు, నిమ్మకాయ పిండి చూశాడు, వెల్లుల్లి కాల్చి నూరాడు. ఆరో రోజుకు వాడి ముద్ద దిగింది. ఆ తర్వాత ముసలమ్మ ముద్దా దిగింది. "‘వద్దు’ అని చెప్పి లేచి రావద్దు. వద్దన్న దాని పక్కన ఇంకొక ముద్ద పెట్టి రా" అనే మాట ఆ రోజే ఆమె నోట విన్నాను.

ఆమెలో తప్పులు లేవని నేను అనడం లేదు. వక్కాకు విపరీతంగా నమిలేది. నేను ఊరుకుంటానా? పదిమందిలో అడిగాను: "మీరు మాత్రం ఆకువక్క మానరు, మాకు మాత్రం పాఠాలా?" ఆమె నా పలక లాక్కుని, తను నిన్న తిన్నదంతా రాసింది. కింద "వక్కాకు, పదకొండు తూర్లు" అని రాసి నా చేతిలో పెట్టింది. "నిజం రాసినా. ఇంగ నువ్వు నా డాక్టరువి. తగ్గించు చూద్దాం" అన్నది. ఆరు నెలల్లో పదకొండును ఏడుకు తెచ్చాను. అంతకు మించి నావల్ల కాలేదు. ఒక మనిషి చేత ఒక్క అలవాటు మాన్పించడం ఎంత పనో నాకు మొదట నేర్పింది ఆ ఆకువక్కే.

ఇప్పుడు గొర్రెలాయన సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

నల్లమల అంచున ఒక పల్లెలో పెద్ద గొర్రెల మంద ఉన్న మనిషి. యాభై అయిదేళ్లు ఉంటాయి. ఎడమ పాదంలో ముల్లు దిగి రెండు నెలలైనా మానక, చిటికెన వేలూ పక్క వేలూ నల్లబడి, బండిలో వచ్చాడు. పరీక్ష నాచేతనే చేయించారు. నీలంగా ఉండే మందునీళ్లలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి స్పిరిటు దీపంమీద కాచాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, మరీ మీరిపోతే ఇటుక రంగు. ఆయనది కాచీ కాచకముందే ఇటుక పొడి కలిపినట్టు తిరిగింది. డాక్టరు గారు రోజూ పొద్దున చక్కెర తగ్గించే ఇంజెక్షన్ ఒకటి రాశారు. పుండుకు రోజూ కట్టు. పెద్దనర్సమ్మ తిండి కొలత రాసి, ఆయన్ని నాకు అప్పజెప్పింది.

ఆయన మొదటి మాటతోనే నన్ను అల్లుడా అన్నాడు. నేను మామా అన్నాను. భార్యను అత్తా అన్నాను. రెండు రోజులు బాగానే జరిగింది. మూడో రోజు నా రేకుపెట్టె నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మూడు దినాలు కటిక ఉపవాసముంటే రక్తంలో చక్కెర పూర్తిగా కడుక్కుపోతుందని అచ్చులో ఉంది. పెద్దనర్సమ్మ గిద్దెలతో కొలిచి కొలిచి పెడుతున్నది నాకు చాదస్తంగా కనబడింది. ఆయన చెవిలో చెప్పాను: "మామా, మూడు దినాలు నిమ్మకాయ నీళ్లు తప్ప ఏమీ ముట్టొద్దు. కాలు నిలబడతాది. ఎవరికీ చెప్పొద్దు."

నమ్మాడు. కాలు పోతుందన్న భయంలో ఉన్న మనిషి ఎవరు ఏం చెప్పినా నమ్ముతాడు. మర్నాడు పొద్దున ఇంజెక్షన్ వేయించుకుని, రొట్టె దుప్పటి కింద దాచుకున్నాడు.

పదిన్నరకల్లా ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది. చేతులు వణికాయి. భార్యను చూసి, ఏదో గొర్రెను అదిలించినట్టు "హోయ్, హోయ్" అన్నాడు. ఆమె గోలుగోలున ఏడ్చింది. పెద్దనర్సమ్మ పరుగున వచ్చి నుదుటిమీద చెయ్యి పెట్టి, నా వైపు తిరిగింది.

"పొద్దున ఏం తిన్నాడు?"

నేను ఆయన దుప్పటి వైపు చూశాను.

"కరపత్రమా, నిన్నే! ఏం తిన్నాడు?"

"ఏమీ తినలేదు" అన్నాను. "నేనే వద్దన్నాను."

ఆమె నన్ను తిట్టలేదు. పక్క పొయ్యి దగ్గరి మనిషి చేతిలోని బెల్లం ముక్క లాక్కుని నీళ్లలో కరిగించి, ఆయన్ని పక్కకు ఒరగబెట్టి, వేలితో బుగ్గ లోపల రాస్తూ, గుటక పడుతున్నదని చూసుకుని కొంచెం కొంచెంగా పోసింది. నేను అరిచాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. "చక్కెర జబ్బు మనిషికి బెల్లమా! చంపుతా ఉండారు!" అని వార్డంతా వినబడేటట్టు అరిచాను.

"ఇంజెక్షన్ చక్కెరను తింటాదిరా. వాడు పెట్టకపోతే అది వాణ్ణే తింటాది" అన్నది, చెయ్యి ఆపకుండా.

పావుగంటకు గొర్రెలాయన కళ్లు తేటపడ్డాయి. నాలుక తిప్పుకున్నాడు. "ఎవరు తల్లీ తీపి పెట్టింది? ఇంగ రవ్వంత పెట్టు" అన్నాడు. ఏడుస్తున్న భార్య కూడా నవ్వింది. నేను వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

డాక్టరు గారు కోస్తా మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచరు.

"చూశారుగా మీ తిండి పాఠాల ఫలితం?" అన్నారు ఆమెతో. "మనిషి పోయుంటే ఎవరు జవాబుదారీ?"

"నేనేనయ్యా. తిండి కొలిచేది నేర్పించినా గానీ, ఇంజెక్షన్ వేసినాక తినకపోతే ఏమైతాదో నేర్పించలేదు. నేర్పని తప్పు నాది. రాయండి, సంతకం పెడతా."

ఆయన రాశారు. ఆమె పెట్టింది. అప్పుడు డాక్టరు గారు చెప్పారు: నెలాఖరుకు కర్నూలు నుంచి సర్జను గారు వస్తారు. అప్పటికి పుండు ఇట్లాగే ఉంటే మోకాలి కింద కాలు తీసేయాలి. అదే జరిగితే తిండి పాఠం ఆ రోజుతో ఆఖరు, నేను కూడా ఆ రోజుతో ఇంటికి. ఇరవై రెండు రోజులు ఉంది.

బయటికి వచ్చాక నేను ఆమె కాళ్లమీద పడబోయాను. భుజం పట్టి లేపింది. "నా కాళ్లతో నీకేం పని? ఆయన కాలు చూడు పో. ఈ ఇరవై రెండు దినాలు మీ మామ ఏం తింటే నువ్వూ అదే తిను. ఆయన కొలతే నీ కొలత. ఆయన పక్కనే కూసోని తిను."

అట్లా మొదలైంది. పొద్దున ఇంజెక్షన్ వేసిన అరగంటలో జొన్నరొట్టె ఒకటిన్నర, గోంగూర పప్పు. మధ్యాహ్నం గిద్దెడు కొర్రలు వండిన అన్నం, ఉలవచారు, ఏదో ఒక ఆకుకూర. నడుమ మజ్జిగ, ఒక కోడిగుడ్డు. మాపటికి మళ్లీ రొట్టె. వినడానికి బాగానే ఉంటుంది. కొలతకు తినడం మొదలుపెట్టిన నాలుగో రోజుకు నాకు ఎవరిని చూసినా కొట్టాలనిపించింది.

"అల్లుడా, ఆకలైతాందా?"

"లేదు మామా."

"అబద్దాలు చెప్పాకు. నీ కడుపు అరుపుకు ఆ మూల మంచమాయన ఉలిక్కిపడి లేచినాడు."

పక్కన కూర్చుని తిన్నందుకే ఆయన ఒకరోజు ఒక మాట చెప్పాడు. నా పలకమీద ఎన్నిసార్లు రాసినా అందులోకి రాని మాట. "మా నాయన బతికినన్నాళ్లు పండగ పూట తప్ప వరన్నం చూడలేదు అల్లుడా. మంద పెరిగినాక నేను ఒట్టు పెట్టుకున్నా, మా ఇంట్లో ఇంగ కొర్ర వండగూడదని. ఆరేండ్లుగా మూడు పూటలా వరన్నమే. మంద వెంట కొడుకులు పోతారు. నేను అరుగుమీద కూసోని, బెల్లం కాఫీ తాగతా, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడతా. ఇప్పుడు మీరు కొర్ర తినమంటే, మల్ల పేదోడివి కమ్మని చెప్పినట్టుంది. గొంతులో దిగదు."

నా కరపత్రాల్లో వరి బియ్యంమీద పేజీలకు పేజీలు ఉన్నాయి. ఈ మాటకు జవాబు ఒక్క దాంట్లోనూ లేదు. మొదటిసారి నేను ఎదురు చెప్పకుండా విని, పోయి పెద్దనర్సమ్మకు చెప్పాను.

ఆమె వక్కాకు ఉమ్మేసి, "ఇది తెలిసింది, ఇంగ వైద్యం మొదలుపెట్టొచ్చు" అన్నది. ఆ మధ్యాహ్నం గిన్నె పట్టుకుని గొర్రెలాయన భార్య పొయ్యి దగ్గరికి వచ్చి, అందరి ముందూ నేలమీద చతికిలబడి, "అమ్మీ, నీ కొర్రబువ్వ వాసన నా గది దాకా వచ్చింది. నాకింత పెట్టు" అని పెట్టించుకుని తిన్నది. తిని ఊరుకోలేదు. "డాక్టరు గారింటికి గూడ ఒక గిన్నె పంపు. వాళ్ల ఊర్లో ఇంత బాగా వండేవాళ్లు లేరు" అన్నది. అత్త కొత్త గిన్నె కడిగి, మూతమీద మూత పెట్టి పంపింది. మర్నాడు రౌండ్లకు వచ్చిన డాక్టరు గారు, ఎప్పుడూ నవ్వని మనిషి, ఆ మంచం దగ్గర ఆగి, "కొర్రన్నం బాగుందమ్మా, రేపు కూడా పంపు" అన్నారు.

గొర్రెలాయన మంచంమీద లేచి కూర్చున్నాడు. "డాక్టరయ్య గూడ కొర్రబువ్వేనా!" అని వార్డంతా ఒకసారి కలయజూశాడు. ఆ పూట నుంచి ఆయన ముద్ద గొంతులో ఆగలేదు.

పుండు అంచులు ఎర్రబడుతూ వచ్చాయి. పరీక్షలో ఇటుక రంగు పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది. పద్దెనిమిదో రోజు కాచిన నీళ్లు నీలంగానే ఉండిపోయాయి. నేను గాజు గొట్టాన్ని పట్టుకుని వార్డంతా పరుగెత్తి, "మామా, చక్కెర లేదు!" అని చూపించాను. మళ్లీ తప్పు చేశాను. ఏం తప్పో మర్నాడు తెలిసింది.

మర్నాడు పదకొండుకు పొయ్యిల దగ్గరికి పోతే, అత్త తలస్నానం చేసి, కొత్త చీర కట్టి, శనగబేడలు ఉడకేసి బెల్లం కొడుతోంది. పక్కన పూర్ణానికి రోలు.

"ఇదేంది అత్తా?"

"భక్ష్యాలు అబ్బయ్యా. నువ్వే గదా చక్కెర పోయిందంటివి. రోగం పోయినాక పత్యం ఇడవాల గదా. మంచి దినం చూయించినా. తలకు పోసి, తీపి తినిపించి, పత్యం ఇడిపిస్తా."

మన ఇళ్లలో జ్వరం వచ్చినా, కామెర్లు వచ్చినా అంతే కదా. మందున్నన్నాళ్లు పథ్యం, తర్వాత మంచిరోజు చూసి తలకు పోసి వదలడం. ఆమె తప్పేముంది? ఆ మాట నాకు ఇప్పుడు తోస్తున్నది. అప్పుడు మాత్రం కళ్లు ఎర్రబడి, ఆ కుండను కాలితో తన్నబోయాను. పెద్దనర్సమ్మ నా చొక్కా వెనక నుంచి పట్టి లాగింది.

"తన్నినావంటే ఆ కాలు గూడ సర్జనుకు చూపిస్తా" అని నన్ను పక్కకు నెట్టి, అత్త పక్కన కూర్చుంది. తనూ ఒక రాయి తీసుకుని బెల్లం కొడుతూ చెప్పింది: "అమ్మీ, మంచి పని చేసినావు. చెయ్యి. ఒక భక్ష్యంలో సగం ఆయనకు పెట్టు. ఆ సగానికి ఎదురు ఈ పూట కొర్రబువ్వలో సగం తీసెయ్యి. మిగతావి మా పిల్లోళ్లకు పెట్టు, పాపం కొలతకు తిని చస్తా ఉండారు. అయితే ఒక మాట విను. ఈ జబ్బు వచ్చిపోయే చుట్టం కాదు. ఇంట్లోకి వచ్చిన కోడలు. దాంతో పోట్లాట పెట్టుకోకుండ బతకాల. దీనికి ఇడుపు దినం లేదు."

"ఎప్పటికీ లేదా?" అత్త చెయ్యి ఆగిపోయింది.

"లేదు. అందుకే దీన్ని పత్యమనాకు. పత్యమంటే ఎప్పుడు ఇడుస్తామా అని కాచుకోని ఉంటాం. తిండి అను. మీ అత్తమామలు తిన్న తిండే గదా, కొత్తదేం కాదు."

అత్త కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత భక్ష్యాలు చేసింది. గొర్రెలాయన తన సగాన్ని ఎనిమిది ముక్కలు చేసుకుని, ఒక్కొక్క ముక్కా కళ్లు మూసుకుని తిన్నాడు. మేము ఆరుగురం ఆబగా తిన్నాం. ఆ రోజు నుంచి మా పలకలమీద పథ్యం అనే మాట రాయడం ఆపేశాం.

ఇరవై రెండో రోజు సర్జను గారు వచ్చారు. కట్టు విప్పి, వాసన చూసి, నొక్కి, డాక్టరు గారి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దనర్సమ్మ ముఖం చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు. నల్లబడిన రెండు వేళ్లు తీసేశారు. కాలు నిలిచింది.

డాక్టరు గారు ఆ సంతకం పెట్టిన కాగితం ఏం చేశారో నాకు తెలియదు. తిండి పాఠం మాత్రం ఆగలేదు. ఆమె ఉన్నన్నాళ్లు ఏటా ఆరుగురు వచ్చి ఆ పొగలో కూర్చున్నారు. గొర్రెలాయన ఇంటికి పోయేరోజు ఆమె చెప్పింది ఒక్కటే: "అరుగు కొడుకులకియ్యి. మంద నువ్వు తోలుకో." రోజూ కాళ్లు కడుక్కుని వేళ్ల సందులు తడి లేకుండా ఎట్లా తుడుచుకోవాలో చేసి చూపించి, మెత్తటి తోలు చెప్పులు కుట్టించి తొడిగి పంపింది. నా రేకుపెట్టెలోని కరపత్రాలను నేను తగలబెట్టబోతే వద్దన్నది. "అచ్చులో ఉన్నదంతా అబద్దం కాదురా. ఇంత నమ్మినోడివి, ఇంగ కొంచెం అడగడం నేర్చుకో, చాలు" అన్నది. అవి ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

ఆమె పోయిన మూడు వారాలకు డాక్టరు గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కొత్తగా చేరిన నలుగురికి ఆ గంట పాఠం ఇక నన్నే చెప్పమని. ఆమె గొంతు లేకుండా ఆ పొయ్యిల దగ్గర ఎట్లా నిలబడాలో తెలియక, మొదటి రోజు పాఠం అక్కడ చెప్పలేదు. నలుగురినీ వెంటబెట్టుకుని గొర్రెలాయన పల్లెకు పోయాను. ఆయనకు ఇంకా సంగతి తెలియదని అక్కడికి పోయాకే తెలిసింది. మంద వెంట అడవి లోపలికి పోయి నెల రోజులకు ఆ పొద్దునే దిగాడట. దొడ్డి దగ్గర చెప్పులతో, కర్ర భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. నన్ను చూసి దూరం నుంచే నవ్వు.

"ఏం అల్లుడా, కొత్త అల్లుళ్లను గూడ తెచ్చినావే! మీ నర్సమ్మ రాలేదా?"

చెప్పాను.

కర్ర కిందికి దించాడు. గొర్రెలు ఆయన్ని ఒరుసుకుంటూ దొడ్లోకి పోతున్నాయి. చివరి గొర్రె పోయాక తడిక వేసి అన్నాడు: "నాకొక మాట చెప్పి పంపకపోతిరి గదప్పా. నిలబెట్టిన కాళ్లు ఇవి. నాలుగడుగులు మోసేవాణ్ణి గదా ఆ తల్లిని."

నలుగురు పిల్లలూ తలలు వంచుకున్నారు.

ఆయన అరుగు దగ్గరికి వచ్చి చెప్పులు విడిచాడు. అత్త చెంబుతో నీళ్లిచ్చింది. కాళ్లు కడుక్కుని, అరుగుమీద కూర్చుని, ఎడమ పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. మడమ తిప్పి చూసుకున్నాడు. అరికాలంతా బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. భుజంమీది తువ్వాలు కొసతో బొటనవేలి సందు, దాని పక్క సందు, తొందర లేకుండా ఒత్తి తుడిచాడు. తర్వాత, వేళ్లు లేని ఆ రెండు చోట్లా ఆగి, అంతే నిదానంగా, అంతే మెత్తగా తుడిచాడు.